మీట నొక్కుట విద్య యగునా?

ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండి ప్రయాణికుల విమానపు యంత్రవ్యవస్థను నేర్చుకొనవచ్చునా యని నేటి విద్యార్థులు కొందరు అడుగుచున్నారు. ప్రశ్న సమంజసమైనదే. పైలట్టు కూర్చుండు గదిని, అనగా కాక్‌పిట్టును, అందలి మీటలతోను దీపములతోను తెరపై చూపు సాఫ్ట్‌వేరులు ఈనాడు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరు 1982లో వెలువడినది. ఆ తరువాత ఎక్స్‌ప్లేన్ వచ్చినది. ఫ్లైట్‌గేర్ అనుదానిని ఎవరైనను ఉచితముగ తీసికొనవచ్చును. ఎయిర్‌బస్ ఎ-320 విమానపు మీటలలో హెచ్చుభాగము నిజమైన వానివలెనే పనిచేయునట్లు కూర్చిన నమూనాలు సయితము లభించుచున్నవి.

దీనిని పిల్లల ఆటయని పెద్దలు త్రోసివేయుచున్నారు. తెరపై పదిమారులు విమానమును నేలకు దింపిన బాలుడు తాను సగము పైలట్టు నైతినని పొంగిపోవుచున్నాడు. ఈ రెండభిప్రాయములును సరికావని నా మనవి. దీనిని ఒక పాఠ్యగ్రంథముగ భావింపవలెను. చదువువాడు ప్రశ్నింపవలెను, వివరించి చెప్పువాడొకడు ప్రక్కన ఉండవలెను. అప్పుడే అది విద్య యగును.

విడపనకల్లువంటి ఊరికి ఈ చర్చ ఎందులకని కొందరనవచ్చును. అట్టి ఊరికే ఇది ముఖ్యమని నేననుచున్నాను. బళ్లారి సరిహద్దు చెంతనున్న ఈ నల్లరేగడి నేలపై రైతు వానను నమ్ముకొని విత్తనము వేయును. అనంతపురము జిల్లాలో ఏడాది సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి ఇంటి పిల్లవాడు పైలట్టు కావలెనన్నచో, మన దేశపు నిబంధనల ప్రకారము వాణిజ్య లైసెన్సునకు 200 గంటలు నిజముగ ఆకాశమున ఎగురవలెను; వ్రాతపరీక్షలలో నెగ్గవలెను. అందులకు పదుల లక్షల రూపాయలు వ్యయమగును. పొలము అమ్మినగాని అంత ధనము సమకూడదు. అమ్మిన పొలము తిరిగి రాదు. కావున ఆ విద్య తన బుద్ధికి పట్టునా, తన మనసునకు రుచించునా యని పిల్లవాడు ముందుగా పరీక్షించుకొనుటకు చౌకయైన సాధన మొకటి ఉండుట ఎంతయో మేలు.

నేలపై కూర్చుండి ఎగురుట నేర్చుకొనుట క్రొత్త వింత కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునాయన 1929లో మొదటి శిక్షణయంత్రమును నిర్మించెను. ఆయన తండ్రిది పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారము. మన నాటకములందలి హార్మోనియమునకు తిత్తి యున్నట్లే ఆర్గనునకును తిత్తులుండును. ఆ తిత్తులలోనికి గాలిని ఎక్కించి, తీసి, చిన్న విమానపు బొమ్మను ఆయన అటునిటు ఒరగునట్లు చేసెను. 1934లో టపాలను మోయుచు సైనిక పైలట్లు పలువురు ప్రమాదములలో మరణించిన పిమ్మట గాని అమెరికా సైన్యపు వైమానికదళము ఆ యంత్రములను కొనలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున లక్షలాది వైమానికులు వానిపై అభ్యసించిరి.

ఇక నేటి సాఫ్ట్‌వేరు ఏమి నేర్పగలదో చూతము. ఎ-320 కాక్‌పిట్టు మొదట చీకటిగా నుండును. విద్యార్థి బ్యాటరీ మీట నొక్కును. పిదప తోకయందలి చిన్న సహాయక ఇంజనును నడిపించును. అది విద్యుత్తును, ఒత్తిడితో కూడిన గాలిని ఇచ్చును. పిమ్మట పెద్ద ఇంజనులను ఒకదాని వెంట నొకటి మేల్కొల్పును. ఈ వరుసను వారము దినములలో ఎవడైనను కంఠస్థము చేయగలడు. అచ్చటనే ఆగినచో అది ఎక్కముల పుస్తకమును అర్థము తెలియక వల్లించుటవంటిదే.

అసలు పాఠము “ఏల?” అను ప్రశ్నతో మొదలగును. పొలములో ఆయిలింజనును చేతితో త్రిప్పి నడిపించుట మన పెద్దలు ఎరుగుదురు. అంతటి పెద్ద జెట్ ఇంజనును మొదట త్రిప్పునది ఏది? సహాయక ఇంజను నుండి వచ్చు గాలియే. రెండు ఇంజనులలో సాధారణముగ రెండవదానినే ముందు నడిపింతురు, ఏల? పసుపుపచ్చ పేరుగల ద్రవపీడన వ్యవస్థకు ఒత్తిడినిచ్చు పంపు ఆ ఇంజనుపై నున్నది; విమానమును నిలిపి యుంచు బ్రేకునకు ఆ వ్యవస్థయే ఆధారము. ఇంటి విద్యుత్తు 50 హెర్ట్‌జులు కాగా విమానములో 400 హెర్ట్‌జులు ఏల? పౌనఃపున్యము హెచ్చినకొలది జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నవిగను తేలికగను చేయవచ్చును గనుక.

ఉపాధ్యాయులు గమనింపవలసిన దిదియే. ఇందులో ప్రతి మీట వెనుకను తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్ర మున్నది. ట్రాక్టరు ట్రాలీని పైకెత్తు నూనె పీడనమే, చదరపు అంగుళమునకు 3,000 పౌనుల ఒత్తిడితో, విమానపు రెక్కల అంచులను కదలించుచున్నది. ఉరవకొండ, వజ్రకరూరు ప్రాంతములలో గాలిమరలను చూచుచు పెరిగిన బాలునకు మరియొక సంగతి సులువుగ బోధపడును. విమానమున విద్యుత్తు పూర్తిగా పోయినచో పొట్టక్రింద నుండి చిన్న గాలిమర యొకటి వెలికివచ్చి, ఎదురుగాలికి తిరిగి, అత్యవసరమునకు కావలసిన శక్తిని పుట్టించును. సాఫ్ట్‌వేరులో రెండు ఇంజనులను ఆపివేసి, ఈ మర తెరచుకొనుటను తరగతి యంతయు చూడవచ్చును. నడుమ విమానమును ఆకాశముననే నిలిపి ప్రశ్నలు వేయవచ్చును. నిజమైన విమానములో ఈ సౌకర్యము లేదు గదా!

కారణము తెలియుట కేవలము పరీక్షలో మార్కులకొరకు కాదు. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుండి వచ్చుచున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-320 విమానము మన పొరుగున బెంగుళూరులో రన్‌వే చేరకమునుపే నేలకూలినది. 146 మందిలో 92 మంది మరణించిరి. ఆ సంస్థకు ఈ రకపు విమానములు వచ్చి అప్పటికి ఏడాదియైనను నిండలేదు. స్వయంచాలక వ్యవస్థ అప్పుడున్న పద్ధతిలో ఇంజనులు కనిష్ఠశక్తియందే యుండును. ముక్కును వంచినగాని వేగము నిలువదు. వేగము తగ్గిపోవుచుండగా ఇంజనులకు శక్తిని పెంచుట ఆలస్యమైనదని విచారణలో తేలినది. ఏ పద్ధతి పనిచేయుచున్నదో తెలుపు చిన్న అక్షరములు తెరపై ఉండనే యుండును. వానిని చూచుట వేరు, వాని ఫలితమును తక్షణము గ్రహించుట వేరు.

2009 జనవరి 15న న్యూయార్కులో జరిగినది ఇందుకు భిన్నము. పక్షులు తగిలి ఎ-320 విమానపు రెండు ఇంజనులును శక్తి కోల్పోయినవి. కెప్టెన్ సలెన్‌బర్గర్, జాబితాలో ఆ అంశము వచ్చువరకు ఆగక, సహాయక ఇంజనును వెంటనే నడిపించెను. అందువలన విద్యుత్తు నిలిచినది. విమానము పైలట్టు చేతిమాట వినినది. హడ్సన్ నదిపై దిగిన 155 మందియు బ్రతికిరి. వరుసను మాత్రమే ఎరిగినవాడు వరుస కొరకు ఎదురుచూచును. కారణ మెరిగినవాడు ముందు చేయవలసినదానిని ముందు చేయును.

అయినను ఇంటి సాఫ్ట్‌వేరుకు హద్దులున్నవి. కుర్చీ కదలదు; దేహమునకు బరువు తెలియదు; చేతికి గాలి యొక్క ఎదురొత్తిడి తగులదు; ప్రాణభయ మసలే లేదు. దానిపై గడిపిన గంటలు లైసెన్సునకు లెక్కకు రావు. విమానసంస్థలు పైలట్లకు శిక్షణ ఇచ్చు యంత్రములు కోట్ల రూపాయల వెలగలవి. ఆరు కాళ్లపై ఊగుచు నిజమైన కాక్‌పిట్టును పోలియుండును. ఒకనాటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ హైదరాబాదులో నెలకొల్పిన శిక్షణకేంద్రమున ఇట్టివే వాడిరి. గురువు లేక ఇంట అలవడిన తప్పు పద్ధతిని తరువాత మాన్పించుట కష్టమని కూడ మరువరాదు.

భాష సంగతి యొకటి మిగిలినది. కాక్‌పిట్టులోని మాట లన్నియు ఇంగ్లీషు. అంతర్జాతీయ విమానయానమున పైలట్టునకు ఇంగ్లీషులో నిర్ణీత ప్రమాణము తప్పనిసరి. తెలుగుమాధ్యమమున చదివిన బాలుడు ఇందుకు జంకనక్కరలేదు. భావమును తెలుగులో గ్రహించి మాటను ఇంగ్లీషులో పలుకుట అభ్యాసమువలన వచ్చును. భావమును తెలుగులో అందించు భారము మాత్రము ఉపాధ్యాయునిదే.

కావున పాఠశాలలలో ఉన్న కంప్యూటర్లలో తగినది ఒక్కటైనను ఈ పనికి కేటాయింపవలెనని నా సూచన. వారమున కొక గంట చాలును. ప్రతి విద్యార్థియు నోటుపుస్తకమున మూడు వరుసలు గీయవలెను: ఏ మీట నొక్కితిని, ఏమి జరిగినది, ఏల జరిగినది. మూడవ వరుస ఖాళీగా నున్ననాడు కంప్యూటరును ఆపి భౌతికశాస్త్ర పుస్తకమును తెరువవలెను. ఆ మూడవ వరుస నిండుటకు ముందు ఏ తండ్రియు పొలము బేరమునకు పెట్టరాదు. నిండిన తరువాత ఆ పిల్లవాడు పైలట్టు కాకపోయినను నష్టములేదు. యంత్రమును ప్రశ్నించి సమాధానము రాబట్టగల బుద్ధి వానికి జీవితాంతము తోడుండును.