పిల్లల ఎక్స్‌రే ఒక్కసారికే సరిగ్గా రావాలి!

వారాసిగూడ, బౌద్ధనగర్ అమ్మానాన్నలకు, నానమ్మలకు, తాతలకు విన్నపం

పిల్లగాడు మెట్ల మీంచి జారిపడ్డాడు, చెయ్యి వాచింది. గాంధీ ఆస్పత్రికో, సందు చివర సెంటర్‌కో ఉరుకుతాం. ఎక్స్‌రే గది ముందు కూర్చుని మనం చేసే మొదటి పని ఏంది? ‘ఏడిస్తే సూది వేయిస్తా’ అని బెదిరించుడు! లోపలికి పోగానే వాడు గుక్కపట్టి ఏడుస్తాడు, కదులుతాడు. ఫిల్ము మసకగా వస్తుంది, మళ్లీ తీయాలంటారు. ఆ రెండో ఎక్స్‌రే మనం చేతులారా తెచ్చుకున్నదే.

ఎక్స్‌రే అంటే హడలిపోవద్దు. ఒక ఛాతీ ఎక్స్‌రేతో తగిలే రేడియేషన్, నేల నుంచీ గాలి నుంచీ మనకు కొద్ది రోజుల్లో మామూలుగా తగిలేదే. సీటీ స్కాన్‌లో మాత్రం చాలా ఎక్కువ. ఎదిగే ఒంటి మీద రేడియేషన్ ప్రభావం పెద్దవాళ్లకన్నా ఎక్కువ గనుక డాక్టర్ అవసరమన్నది మానొద్దు, అక్కర్లేనిది అడగొద్దు. జలుబు తగ్గలేదని ‘ఒక ఎక్స్‌రే రాయండి సార్’ అని వెంటపడేది మనమే కదా!

మెడలో తాయెత్తు, మొలతాడుకు వెండి బిళ్ల, చొక్కాకు పిన్నీసు: ఛాతీకో పొట్టకో తీసేటప్పుడు ఇవన్నీ ఫిల్ము మీద తెల్లగా పడతాయి. చూడాల్సిన చోటే పడితే మళ్లీ మొదటికే. తాయెత్తు తీస్తే దిష్టి తగులుతుందని నానమ్మ అంటే, ఆ రెండు నిమిషాలు ఆమె పిడికిట్లోనే పెట్టండి.

పసిపిల్లను పట్టుకోవాల్సింది ఇంటివాళ్లే, టెక్నీషియన్ కాదు. అణుశక్తి నియంత్రణ మండలి నియమమే ఇది. పట్టుకునేవాళ్లకు సీసపు ఏప్రాన్ ఇవ్వాలి. ఇవ్వకుంటే ‘ఏప్రాన్ ఏదన్నా?’ అని అడగండి, మొహమాటం వద్దు. కడుపుతో ఉన్న తల్లి లోపలికి పోవద్దు, బాబాయినో మేనమామనో పంపండి. పిల్లకు కూడా సీసం కప్పమని గొడవపడొద్దు. అలా కప్పే అలవాటు మానమని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లోనే చెప్పింది, చూడాల్సిన చోటుకే అది అడ్డం రావచ్చు. కిరణాలు కావాల్సినంత మేరకే పడేలా చూడమనండి, అది చాలు.

ఇంటి దగ్గరే చెప్పి తీసుకుపోండి: ‘పెద్ద కెమెరా, పలక చల్లగా ఉంటది, నొప్పి ఉండదు, బొమ్మలెక్క కదలకుండా ఉండాలె.’ ఒకటి రెండుసార్లు ఆ ఆట ఆడించండి. పరుపు కింద దాచిన పాత ఫిల్ములూ పట్టుకుపోండి, వాటిని చూసి డాక్టర్ కొత్తది వద్దనవచ్చు.

ఈ కాగితం చదివాక అంగన్‌వాడీ టీచర్‌కు ఇవ్వండి. ఏప్రాన్ లేదన్న సెంటర్ ఎక్కడన్నా ఉంటే మాకు చెప్పండి, పదిమందిమి కలిసిపోయి అడుగుదాం.

— వారాసిగూడ తల్లిదండ్రులు