సంతకానికి ముందు ప్రమాణం

రాష్ట్రపతి ప్రమాణ స్వీకారం అనగానే అందరికీ గుర్తుకొచ్చేది వేడుకే. గుర్రాల మీద అంగరక్షక దళం, పార్లమెంటు సెంట్రల్ హాల్, 21 శతఘ్నుల వందనం, పదవి వీడేవారూ చేపట్టేవారూ కుర్చీలు మార్చుకునే ఘట్టం. కొత్త రాష్ట్రపతి పుట్టిన ఊరు, చదివిన బడి, కులం, ప్రాంతం గురించి టీవీలు రోజంతా చెబుతాయి. ఈ హడావుడిలో ఒక్క నిమిషం కూడా పట్టని ప్రమాణ పాఠం ఎవరి చెవికీ ఎక్కకుండానే వెళ్ళిపోతుంది. ఇది మారాలి. రాష్ట్రపతి ఏం చేయాలో రాజ్యాంగం స్పష్టంగా చెప్పింది ఆ పాఠంలోనే. రాష్ట్రపతుల పనితీరును దేశం దానితోనే కొలవాలన్నది ఈ పత్రిక నిశ్చితాభిప్రాయం.

ఆ పాఠం రాజ్యాంగం 60వ అధికరణలో ఉంది. మంత్రులు, ఎంపీలు, చివరకు ఉపరాష్ట్రపతి కూడా రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత చూపుతామని ప్రమాణం చేస్తారు. రాష్ట్రపతి అంతటితో ఆగడానికి లేదు. రాజ్యాంగాన్నీ చట్టాన్నీ శక్తిమేరకు పరిరక్షిస్తానని, వాటికి హాని జరగకుండా కాపాడతానని, భారత ప్రజల సేవకూ శ్రేయస్సుకూ అంకితమవుతానని మాట ఇవ్వాలి. రాజ్యాంగ పరిరక్షణ మాట 1789లో జార్జి వాషింగ్టన్ చేసిన ప్రమాణంలోనూ ఉంది. అమెరికా పాఠం అక్కడితో ముగుస్తుంది. చట్టాన్నీ, ప్రజల సేవనూ చేర్చింది మన రాజ్యాంగ సభ. పాఠంలో దేవుని పేరు ఉండాలా వద్దా అన్నదానిపై 1948 డిసెంబరులో సభలో చర్చ జరిగింది. దేవుని పేరు ఉండాల్సిందేనని హెచ్.వి. కామత్ వాదించారు. చివరకు దైవసాక్షిగానా, ఆత్మసాక్షిగానా అన్న ఎంపికను ప్రమాణం చేసేవారికే వదిలేశారు. కాపాడతానన్న మాట విషయంలో మాత్రం ఏ వెసులుబాటూ ఇవ్వలేదు.

తొలి ప్రమాణం 1950 జనవరి 26న, నేటి రాష్ట్రపతి భవన్ దర్బార్ హాలులో జరిగింది. ఉదయం 10 గంటల 18 నిమిషాలకు చివరి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి భారత్‌ను గణతంత్రంగా ప్రకటించారు. మరి కొద్ది నిమిషాలకే ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కనియా సమక్షంలో బాబూ రాజేంద్రప్రసాద్ ప్రమాణం చేశారు. వైస్రాయిల దర్పం కోసం కట్టిన మందిరంలో, కిరీటానికి కాక రాజ్యాంగానికి, ప్రజలకు మాట ఇచ్చిన మొదటి దేశాధినేత ఆయన. వేడుకలో ఇప్పటికీ కొనసాగుతున్న పద్ధతులు చాలావరకు ఎవరూ శాసనంగా రాసినవి కావు. జూలై 25 తేదీ అలాంటిదే. ఫకృద్దీన్ అలీ అహ్మద్ 1977 ఫిబ్రవరిలో పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆ ఖాళీలోకి ఏకగ్రీవంగా ఎన్నికైన మన నీలం సంజీవరెడ్డి ఆ ఏడాది జూలై 25న ప్రమాణం చేశారు. అప్పటి నుంచి అందరూ అయిదేళ్లూ పూర్తి చేయడంతో ఆ తేదీ స్థిరపడింది. 2022లో ద్రౌపది ముర్ము చేత తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ప్రమాణం చేయించిందీ జూలై 25నే.

ప్రధాన న్యాయమూర్తి ఎదుటే ఈ ప్రమాణం ఎందుకు చేయాలన్నది ఆలోచించదగ్గ విషయం. రాష్ట్రపతిని ఎన్నుకునేది చట్టసభల సభ్యులు. సలహా ఇచ్చేది మంత్రిమండలి. మాట మాత్రం ఈ రెంటికీ చెందని న్యాయపీఠం ముందు ఇవ్వాలి. ఎన్నుకున్నవారికీ సలహా ఇచ్చేవారికీ రుణపడి ఉండటం కాదు రాష్ట్రపతి బాధ్యత అని ఆ ఏర్పాటే చెబుతోంది. ఒకసారి ప్రమాణం చేయించే పీఠమే ఆ మాట ఇవ్వాల్సి వచ్చింది. 1969లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించారు, తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి ఎన్నికల్లో పోటీకోసం రాజీనామా చేశారు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాయే అదే ప్రమాణం చేసి కొన్ని వారాలు ఆ బాధ్యత మోశారు.

ఆ మాట మరిచిపోతే ఏమవుతుందో 1975 జూన్ 25 రాత్రి దేశం చూసింది. ఎమర్జెన్సీ విధించాలంటూ ప్రధాని ఇందిరాగాంధీ పంపిన కాగితం మంత్రిమండలి ముందుకు రానేలేదు. మంత్రులు సమావేశమైంది మర్నాడు తెల్లవారాక. అప్పటికే రాష్ట్రపతి సంతకం అయిపోయింది. ఫకృద్దీన్ అలీ అహ్మద్ ధిక్కరించాల్సిన అవసరం లేదు. మంత్రిమండలి చర్చించని విషయాన్ని దాని ముందు పెట్టమని కోరే అధికారం 78వ అధికరణ ఆయనకు అప్పటికే ఇచ్చింది. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎమర్జెన్సీ ఆగేదని చెప్పలేం. అడగడం మాత్రం ఆయన చేసిన ప్రమాణంలో భాగం. ఆయన అడగలేదు. ఆ తర్వాత 44వ సవరణలో, కేంద్ర కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే ఎమర్జెన్సీ ప్రకటించాలని పార్లమెంటు రాజ్యాంగంలోనే చేర్చాల్సి వచ్చింది.

రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు కట్టుబడాల్సిందే కదా, ఇక ప్రమాణానికి విలువ ఎక్కడిది అని కొందరు వాదిస్తారు. కట్టుబడాల్సిందే, అందులో రెండో మాట లేదు. ప్రజలు నేరుగా ఎన్నుకోని వ్యక్తి ఎన్నికైన ప్రభుత్వాన్ని నడపాలని ఈ పత్రిక ఎన్నడూ కోరదు. అయితే పునరాలోచించమని ఒకసారి ఫైలు వెనక్కి పంపే హక్కును 44వ సవరణే 74వ అధికరణలో పొందుపరిచింది. ప్రశ్నించడం వేరు, ధిక్కరించడం వేరు. కె.ఆర్. నారాయణన్ ఈ తేడా బాగా ఎరిగినవారు. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలన్న గుజ్రాల్ ప్రభుత్వ సిఫార్సును 1997 అక్టోబరులో తిప్పి పంపారు. కేంద్రం వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది బిహార్ విషయంలో వాజపేయి ప్రభుత్వానికీ అదే జవాబు ఇచ్చారు. 1999 ఫిబ్రవరిలో కేంద్రం మళ్ళీ పంపితే సంతకం చేశారు. రెండు వేర్వేరు ప్రభుత్వాలకు ఒకే కొలమానాన్ని వర్తింపజేశారు, తన హద్దూ దాటలేదు.

అబ్దుల్ కలాం అనుభవం ఇంకా లోతైనది. 2005 మేలో ఆయన మాస్కో పర్యటనలో ఉండగా బిహార్ శాసనసభ రద్దు సిఫార్సు అర్ధరాత్రి చేరింది. అక్కడి నుంచే ఆమోదించారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. తాను రాజీనామా గురించి ఆలోచించినట్లు కలాం తర్వాత రాసుకున్నారు. మరుసటి ఏడాది లాభదాయక పదవుల బిల్లును ఆయన పార్లమెంటుకు తిప్పి పంపారు. పార్లమెంటు అదే బిల్లును మళ్ళీ ఆమోదించాక సంతకం చేశారు. అంత ప్రజాదరణ ఉన్న రాష్ట్రపతికి కూడా ఒక రాత్రి తొందరపాటు ఇంత భారమైందంటే, ఆ కుర్చీకి అన్నిటికన్నా ముఖ్యం నిదానమేనని అర్థమవుతుంది.

తెలుగువారికి ఇది పుస్తకాల్లో చదివిన పాఠం కాదు. 159వ అధికరణ ప్రకారం గవర్నర్లు చేసేదీ దాదాపు ఇదే ప్రమాణం, భారత ప్రజల స్థానంలో రాష్ట్ర ప్రజలు వస్తారంతే. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. శాసనసభలో బలం నిరూపించుకుంటానని ముఖ్యమంత్రి చెప్పినా వినలేదు. గుండె శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన రామారావు చక్రాల కుర్చీలోనే ఢిల్లీ వెళ్ళి తన ఎమ్మెల్యేలను రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు. ఊరూరా జనం రోడ్డెక్కారు. రామ్‌లాల్ పోయి శంకర్‌దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. రామ్‌లాల్ ముఖ్యమంత్రిని చేసిన నాదెండ్ల భాస్కరరావు బలం చూపలేకపోవడంతో, ఆయన స్థానంలో సెప్టెంబరు 16న రామారావు చేత మళ్ళీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. ఇద్దరు గవర్నర్లూ చేసింది ఒకే ప్రమాణం. ఒకరు దాన్ని కాలరాస్తే, ఇంకొకరు నిలబెట్టారు. ఆ శర్మే 1992 జూలై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

ఈ అనుభవం ఉన్న తెలుగు రాష్ట్రాలు రాష్ట్రపతి ఎన్నికను పార్టీల విప్పుల లెక్కగా, ఢిల్లీతో బేరానికి దొరికిన అవకాశంగా చూడటం విచారకరం. రాష్ట్రపతి ఎన్నికలో విప్ చెల్లదు, ఓటు రహస్యం. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. మొత్తం 294 మంది ఎమ్మెల్యేలు, వారితోపాటు మన ఎంపీలు. ఈ బలం చిన్నదేమీ కాదు.

మా డిమాండ్లు రెండు. మంత్రిమండలి సలహాను రాష్ట్రపతి పునరాలోచన కోసం తిప్పి పంపినప్పుడు, అంతిమ నిర్ణయం వెలువడిన వెంటనే అలా తిప్పి పంపిన కారణాలను పార్లమెంటు ముందుంచాలి. ఆంతరంగిక చర్చల గోప్యత పేరుతో వాటిని ఎన్నటికీ దాచడం ప్రజలకు ఇచ్చిన మాటకు విరుద్ధం. రెండోది మన ప్రజాప్రతినిధులకు. 2027లో రాష్ట్రపతి అభ్యర్థులు మద్దతు కోసం హైదరాబాద్, అమరావతి వచ్చినప్పుడు శాలువాలు కప్పి ఫొటోలు దిగి పంపించకండి. చట్టబద్ధంగా ఎన్నికైన రాష్ట్ర ప్రభుత్వాన్ని కూల్చే ఫైలు అర్ధరాత్రి మీ బల్ల మీదకు వస్తే ఏం చేస్తారని అడగండి. వచ్చిన జవాబును ఓటర్లకు బహిరంగంగా చెప్పండి.