కొండదారి సైకిలు – మన కళాశాల కెమెరా

గత శీతకాలంలో మన విద్యార్థులు పద్నాలుగురు అనంతగిరి అడవిదారులలో సైకిళ్లు తొక్కి వచ్చారు. మూసీ పుట్టిన ఆ కొండలలో, రాళ్లూ వేళ్లూ నిండిన బాటల మీద వారు చూపిన సాహసం గురించి విని మనమందరం సంతోషించాము. అయితే ఈ సంచికలో ముద్రించడానికి ఫోటోలు అడిగినప్పుడు, వారి సెల్ ఫోన్లలోని మూడు వందల చిత్రాలలో పనికివచ్చినవి నాలుగే తేలాయి. తక్కిన వాటిలో చెట్లు స్పష్టంగా ఉన్నాయి. మనిషి మాత్రం పొగమంచు ముద్దలా ఉన్నాడు. ఆ నాలుగింటిలోనూ రెండు, సైకిలు దిగి నీళ్లు తాగుతున్నప్పటివి.

ఆ కారణంగానే కళాశాలకు ఒక కెమెరా కొనవలెనన్న ప్రస్తావన కమిటీ ముందుకు వచ్చింది. సొమ్ము ముప్పై అయిదు వేలకు మించదట. పెద్దలలో కొందరు, ఇంకొంత చేర్చి అయినా సరే, వారంటీ గల కొత్త కెమెరా కొనాలంటున్నారు. మంచి ఫోన్ ఉండగా కెమెరా దేనికని విద్యార్థులలో కొందరు అడుగుతున్నారు. ఈ ఇరుపక్షాలలో దేనితోనూ నేను ఏకీభవించలేకున్నాను. కారణాలు మనవి చేస్తాను.

మొదట లెక్క చూద్దాం. వాలులో దిగే సైకిలు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకోండి. అంటే సెకనుకు 10 మీటర్లు. కెమెరా షట్టర్ సెకనులో 250వ వంతు తెరుచుకుంటే ఆ లోపల సైకిలు 4 సెంటీమీటర్లు జరుగుతుంది. సెకనులో వెయ్యవ వంతు మాత్రమే తెరుచుకుంటే ఒక్క సెంటీమీటరే జరుగుతుంది. మన కంటికి ముఖకవళికలు తెలియాలంటే ఈ రెండవ వేగం అవసరం. షట్టర్‌ను అంత తొందరగా మూయడం ఇప్పటి కెమెరాలలో దేనికీ కష్టం కాదు. కష్టమంతా వెలుతురుతోనే. మైదానంలో ఎండ కాస్తున్నప్పుడు ఈ సమస్యే లేదు; అక్కడ ఫోన్ కూడా చక్కని చిత్రమే తీస్తుంది, ఆ మాట ఒప్పుకోవలసిందే. చెట్ల నీడలో మాత్రం అంత స్వల్పకాలంలో లోపలికి చేరే వెలుగు చాలదు. అప్పుడు ఫోన్ తనంత తానే షట్టర్ కాలాన్ని పెంచుకుంటుంది, లేదా వరుసగా అనేక చిత్రాలు తీసి ఒకదానిపై ఒకటి అతుకుతుంది. కదలని కొండకు ఆ అతుకు అందం. కదిలే మనిషికి అదే శాపం.

కనుక మనం కొనవలసినది ముఖ్యంగా వెలుగును ఎక్కువగా రానిచ్చే లెన్స్. వెయ్యేళ్ల క్రితం బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్, గ్రహణకాలపు సూర్యబింబాన్ని చీకటిగదిలోకి చిన్న రంధ్రం గుండా ప్రసరింపజేసి పరిశీలించాడు. రంధ్రం చిన్నదైతేనే నెలవంక ఆకారం స్పష్టపడుతున్నదనీ, పెద్దదైతే ఆ ఆకారం చెదిరిపోతున్నదనీ వివరించాడు. చిన్న రంధ్రంతో స్పష్టత వచ్చినా వెలుగు తగ్గుతుంది. ద్వారం పెద్దదైనా బింబం చెదరకుండా చూడడమే లెన్స్ చేసే ఉపకారం. ఆ ద్వారపు వెడల్పును ఎఫ్ అంకెలలో చెబుతారు; అంకె తగ్గిన కొద్దీ ద్వారం పెద్దది. కొత్త కెమెరాలతో పెట్టెలో వచ్చే జూమ్ లెన్స్‌ను దూరానికి సాగదీస్తే ద్వారం ఎఫ్ 5.6 వరకు కుంచించుకుపోతుంది. ఎఫ్ 1.8 లెన్స్ దానికంటె దాదాపు పది రెట్ల వెలుగును లోనికి పంపుతుంది. జూమ్ లెన్స్ సెకనులో 250వ వంతుతో సరిపెట్టుకున్న నీడలోనే, ఎఫ్ 2.8 దగ్గర పెట్టిన లెన్స్ వెయ్యవ వంతుకు సునాయాసంగా చేరుతుంది. పెద్దలు కోరే కొత్త కెమెరాలో మెగాపిక్సెళ్లు ఎన్ని ఉన్నా, ఈ తేడాను అవి పూడ్చజాలవు. మసకగా పడిన మనిషిని పెద్దదిగా ముద్రించడానికి తప్ప అవి ఎందుకు?

నా సూచన ఇది. సొమ్ములో సగమైనా లెన్స్‌కు కేటాయించాలి. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ కొత్తదే చవక. వీలైతే 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఇంకా మేలు. పది మీటర్ల దూరం నుండి సైకిలూ మనిషీ చట్రం నిండా వస్తారు. ఇక కెమెరా బాడీ సెకండ్ హ్యాండ్‌దే కొనాలి. కానన్, నికాన్ కంపెనీలు 2020 తరువాత కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. నమూనా ఏదీ తేలేదు. వృత్తి ఛాయాగ్రాహకులు అద్దం లేని కెమెరాలకు మారుతున్నందున, ఒకప్పుడు మనకు అందని యంత్రాలు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాయి. 2009లో వచ్చిన కానన్ 7డి సెకనుకు 8 చిత్రాలు తీస్తుంది. 2010 నాటి నికాన్ డి7000 సెకనుకు 6 తీస్తుంది. నికాన్‌లో ఒక మెలిక ఉంది: డి3000, డి5000 తరగతి చిన్న బాడీలలో ఫోకస్ మోటారు ఉండదు, అందువల్ల పాత లెన్సులు వాటిపై తమంతట తాము ఫోకస్ కావు. డి7000లో ఆ మోటారు ఉంది. చవక అని చిన్న బాడీ కొని, చవక అని పాత లెన్స్ కొని, రెంటినీ కలిపి బాధపడేవారు ఉన్నారు. అద్దం లేనిదే కావాలంటే 2014లో వచ్చిన సోనీ ఎ6000 కూడా మంచిదే. సెకనుకు 11 చిత్రాలు. కొత్త యంత్రాలు మనిషి కన్నును వెతికి ఫోకస్ చేస్తాయి, ఆ పని వీటికి అంత బాగా చేతకాదు. ఆ సౌకర్యానికి తగిన ధర మన చేతిలో లేదు.

సెకండ్ హ్యాండ్ అనగానే ముఖం చిట్లించేవారికి ఒక సంగతి చెప్పాలి. ఈ కొండసైకిలు క్రీడ పుట్టిందే పాత సామానుతో. కాలిఫోర్నియాలోని టమాల్పాయిస్ పర్వత ప్రాంతంలో 1970లలో కొందరు యువకులు, 1930ల, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లను కారుచవకగా కొని, మట్టిదారిలో కిందికి దూకించేవారు. ఒక్కసారి దిగేసరికి వెనుక చక్రపు బ్రేకులోని గ్రీజు వేడికి మాడిపోయేది; మళ్లీ నింపవలసి వచ్చేది. అందుకే 1976లో అక్కడ మొదలైన పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. 1996లో ఆ క్రీడ ఒలింపిక్స్‌కు చేరింది. రీప్యాక్ రోజుల ఛాయాచిత్రాలు చాలావరకు వెండీ క్రాగ్ అనే మహిళ తీసినవి. ఆమె స్వయంగా ఆ దారిలో సైకిలు తొక్కిన మనిషి. ఏ మలుపులో చక్రం జారుతుందో ఆమెకు కెమెరా చెప్పనక్కరలేదు.

ఇది మన విద్యార్థులు బాగా గమనించాలి. సెకనుకు 8 చిత్రాలు అన్నాను గదా, సెకనుకు 10 మీటర్లు వచ్చే సైకిలు ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ మధ్య ఒకటింబావు మీటరు పోతుంది. రాతిపైనుండి చక్రం లేచిన ఆ ఒక్క క్షణం రెండు చిత్రాల నడుమ జారిపోవచ్చు. కాబట్టి మీట అదిమిపెట్టి అదృష్టాన్ని నమ్ముకోవడం కంటె, ముందుగానే ఆ రాతి మీద ఫోకస్ నిలిపి, సైకిలు అక్కడికి రావడానికి ఇంతిజార్ చేసి, సరైన క్షణాన నొక్కడం మేలు. ఇందుకు ఖరీదైన యంత్రం అక్కరలేదు, సబర్ కావాలి. మొదటి వంద చిత్రాలూ పాడవుతాయి. ఆ తరువాత సెకనులో 60వ వంతు పెట్టి, సైకిలుతో పాటు కెమెరాను తిప్పుతూ తీసి చూడండి. మనిషి నిలిచి, అడవి గీతలు గీతలుగా పరుగెత్తుతుంది. ప్రతిదీ స్తంభింపజేస్తే సైకిలు పరుగెత్తుతున్నదో, స్టాండు వేసి ఉన్నదో తెలియదు.

కొనేటప్పుడు కోఠి దుకాణంలోనైనా, పరిచయస్థుని వద్దనైనా, అప్పటికి షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగాలి. పై కానన్, నికాన్ బాడీల షట్టర్లను లక్షా యాభై వేలసార్లకు పరీక్షించామని తయారీదారులే చెప్పారు. లెన్స్‌లోకి టార్చి వేసి చూడాలి. సాలెగూడు పోగుల వంటివి కనిపిస్తే అది బూజు. ధర ఎంత తగ్గించినా తీసుకోరాదు.

బూజు అంటే గుర్తుకు వచ్చింది. మన కళాశాలలో ఇదివరకు ఒక కెమెరా ఉండేది. తోలు సంచిలో పెట్టి, బీరువాలో పెట్టి, తాళం వేసి, వార్షికోత్సవానికి ఒకసారి తీసేవారు. నాలుగు వర్షాకాలాలు గడిచేసరికి దాని లెన్స్ బూజు పట్టింది. ఎవరూ దాన్ని పగులగొట్టలేదు, ఎవరూ పోగొట్టలేదు, భద్రంగా పాడయింది. ఈసారి కమిటీ వారు దయచేసి తాళంచెవిని వ్యాయామోపాధ్యాయుల దగ్గర ఉంచి, పక్కన ఒక చిట్టా పుస్తకం పెట్టాలి. తీసుకున్న విద్యార్థి సంతకం చేయాలి. వారం లోపల తిరిగి ఇవ్వాలి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టాలి. రానున్న శీతకాలపు అనంతగిరి ప్రయాణానికి ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి; ఈ నెలలోనే కొంటే మన మైదానంలో సాధన చేయడానికి విద్యార్థులకు వ్యవధి ఉంటుంది.