సిపాయి భార్యకు వైద్యం హక్కా, దయా?

మామిడి కోతల రోజుల్లో మా చింతలపూడి ప్రాంతంలో ఆడవాళ్ల మీటింగు పెట్టడం కష్టం. తెల్లవారకుండానే తోటల్లోకి కూలికి పోతారు. ఆ రోజు వచ్చిన పదిమందిలో ఒకామె మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. భర్త పదిహేడేళ్లు మిలిటరీలో చేసి పింఛనుతో వచ్చాడు, ఇప్పుడు లేడు. "నీకు మిలిటరీ వైద్యం కార్డు ఉండాలి గదమ్మా?" అన్నాను. రూలు ప్రకారం ఉండాలట, చేతికి మాత్రం రాలేదు.

కారణం వింటే ఒళ్లు మండింది. ఆయన సర్వీసు రికార్డులో ఆమె పేరు లక్ష్మి, ఆధార్‌లో మహలక్ష్మి. పెళ్లయిన కొత్తలో ఎవరో గుమాస్తా రాసుకున్న పేరది, ఆమెను అడిగి రాసింది కాదు. రెండూ ఒక మనిషేనని నోటరీ కాగితం తెమ్మన్నారు, తెచ్చింది. కాదు, రికార్డులోనే దిద్దించుకు రమ్మన్నారు. కుటుంబ పింఛను మాత్రం లక్ష్మి పేరున బ్యాంకులో పడుతూనే ఉంది. పింఛను పుచ్చుకునే లక్ష్మి ఉందట, మోకాళ్ల నొప్పుల లక్ష్మి లేదట!

మాజీ సైనికుల ఆరోగ్య పథకం (ఇ.సి.హెచ్.ఎస్.) 2003 ఏప్రిల్ 1న మొదలైంది. పింఛను తీసుకునే మాజీ సైనికుడికీ, భార్యకూ, ఆధారపడినవాళ్లకూ, కుటుంబ పింఛను వచ్చే వితంతువుకూ జీవితాంతం వైద్యం అన్నారు. ఒక్కసారి చందా కట్టాలి, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీలకు అదీ లేదు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? కానీ పాలీక్లినిక్‌లు పట్టణాల్లో ఉన్నాయి. అత్యవసరం కాకపోతే ముందు అక్కడికి పోయి చీటీ రాయించుకుని, ఆ తర్వాతే పెద్దాసుపత్రికి పోవాలి. రెండు రోజుల కూలి, బస్సు ఖర్చు, తోడు రావడానికి కొడుకు తీరిక. ఇవన్నీ కుదిరితేనే ఆ వైద్యం ఉచితం.

అసలు పింఛనే లేనివాళ్ల సంగతేమిటి? జవానుకు మామూలుగా పదిహేనేళ్ల సర్వీసు నిండితేనే పింఛను. ముందే వచ్చేస్తే అతనికీ కార్డు లేదు, భార్యకూ లేదు. 1992 నుంచి సైన్యంలో ఆడవాళ్లను షార్ట్ సర్వీసు ఆఫీసర్లుగా తీసుకుని పింఛను లేకుండా పంపించారు. వాళ్లకు ఈ పథకం తలుపు తీసింది 2019 మార్చిలో. ఆ తలుపు తీసిన చేత్తోనే 2022లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్ల సర్వీసు, వందలో ఇరవై అయిదు మందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్లకు పింఛనూ లేదు, మాజీ సైనికులన్న గుర్తింపూ లేదు, ఈ వైద్యమూ లేదు. సర్వీసు వల్ల అవిటితనం వస్తే పరిహారం ఇస్తారు, నిజమే. నడుము నొప్పితోనో, నిద్రపట్టని రాత్రులతోనో పాతికేళ్లకు ఇల్లు చేరిన కుర్రాడికి ఎవరు చాకిరీ చెయ్యాలి? తల్లీ, పెళ్లామూ. ఆ చాకిరీకి ఏ బడ్జెట్‌లోనూ పద్దు లేదు.

"కూలీలకే దిక్కులేదు, మిలిటరీవాళ్ల సంగతి మనకెందుకు? మనం యుద్ధాలకు వ్యతిరేకం కదా" అని మన మిత్రులే కొందరు అడిగారు. నేనూ వ్యతిరేకమే. కానీ యుద్ధం ప్రకటించింది ఈ మహలక్ష్మి కాదు. పైగా ఆమె కూలి మనిషే. ఊరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరూ మందులూ సరిగ్గా ఉంటే ఈ పోట్లాటే సగం తగ్గేది, అది వేరే కొట్లాట.

మేము అడుగుతున్నది పెద్దదేం కాదు. పేరు దిద్దే పని మండలం దగ్గరే జరగాలి, జిల్లా సైనిక సంక్షేమ అధికారి నెలకోసారి మండలానికి రావాలి. సైనికుడి భార్య పేరు ఆమెనడిగి, ఆమె చేత సంతకం పెట్టించి రాయాలి. నాలుగేళ్ల సర్వీసు వాళ్లకు కూడా కార్డు ఇవ్వాలి.

కోతలు అయిపోగానే మా మండలంలో ఇలాంటి ఆడవాళ్ల జాబితా ఇంటింటికీ తిరిగి రాస్తున్నాం. మీ మండలంలో రికార్డులో ఒక పేరూ, ఇంట్లో ఒక పేరూ ఉన్నవాళ్లుంటే రాసి పంపండి.