“కండ్లొదిలి ఎక్కడన్నా కొట్టు సారూ” – ఈ మాట ఇక అనొద్దు!

ఇటిక్యాల మండలం అమ్మలారా, నాయనలారా! సార్లూ, టీచరమ్మలూ!

పిల్లను ఒకటో తరగతిలో వేసిన రోజే మనలో చాలామందిమి సారుకు ఈ మాట చెప్పి వస్తాం. బాగుపడాలనే చెప్తాం. కానీ అట్లా ఒప్పుకునే హక్కు మనకు లేదు. బడిలో కొట్టడాన్ని ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసును వేధించడాన్నీ తప్పన్నది. పదిమందిలో ‘మొద్దు’ అని పిలవడమూ అందులోకే వస్తుంది.

చట్టం అట్లుంచండి, మన చేలు చూడండి. సీడ్ పత్తిలో క్రాసింగ్ మొదలైందంటే చిన్న చేతులకు గిరాకీ. పొద్దుగూకేలోపు పువ్వు గిల్లాలి, తెల్లారి పుప్పొడి అద్దాలి. ఆ పనికి పోయొచ్చిన పిల్ల తరగతిలో కునికితే బరిగె ఏం చేస్తుంది? దెబ్బకు జడిసి మర్నాడు ఇటు రాదు, చేనుకే పోతుంది.

‘కొట్టకపోతే వింటరా?’ అని సార్లు అడుగుతారు. న్యాయమే. ఒక్కరే రెండు మూడు తరగతులు చూసే బడులున్నాయి. అయితే ఆరేండ్ల పిల్లలు గంటసేపు కదలకుండా కూర్చోలేరు. అది వయసు, పొగరు కాదు. మధ్యమధ్య లేపి ఒక ఆటపాట ఆడించండి. అరవకుండా చప్పట్ల గుర్తు పెట్టుకోండి: సారు మూడు కొడితే పిల్లలు రెండు కొట్టి గప్‌చుప్. ‘ఉరకొద్దు’ అనే బదులు ‘మెల్లగ నడువు’ అనండి. ఎప్పుడూ లేచి తిరిగే పిల్లగానికి పలకలు పంచే పనివ్వండి. వాడెట్లాగూ తిరుగుతాడు, మీ పనీ అవుతుంది! నీళ్లు ఒలకబోసినోని చేతికి గుడ్డ ఇవ్వండి, తిట్టొద్దు. ఒకరినొకరు గిచ్చుకుంటే ఇద్దరినీ కూచోబెట్టి, ఒకరి తర్వాత ఒకరిని చెప్పనివ్వండి. ఉత్త ‘శభాష్’ చాలదు. ‘పక్కపిల్లకు పెన్సిల్ ఇచ్చినవ్, మంచిగ చేసినవ్’ అంటే రేపు మళ్లీ ఇస్తుంది.

ఇవేమీ కొత్తవి కావు. 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టిన గిజుభాయి కథలతో, ఆటలతోనే చదువు చెప్పాడు. ఆయన పుస్తకం ‘పగటికల’ తెలుగులో ఉంది. టీచర్లు తప్పక చదవాలి.

ఇక మన వంతు. చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. ఈసారి మీటింగుకు ఇద్దరూ రండి, కూలి పోతుందనుకుంటే ఒక్కరైనా రండి. ‘మా బడిలో బరిగె లేదు’ అని తీర్మానం రాయించి గోడకు అంటిద్దాం. సారుకు మనమే చెప్దాం: ‘పిల్లగాడు తప్పు చేస్తే కబురు పెట్టండి, వస్తాం.’ ఇంట్లో ‘సారుకు చెప్తా’ అని బెదిరించడమూ మానేద్దాం. ఎక్కడన్నా పిల్లను కొడితే ముందు హెడ్మాస్టర్‌కు, వినకపోతే ఎంఈవోకు రాసివ్వండి. ఆపదైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

– ఇటిక్యాల బడిపిల్లల తల్లిదండ్రులు, కొందరు టీచర్లు