ఫొటో కింద తేదీ కూడా వేయండి

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు పంపిన గండికోట ఫొటోలు చూశాను. అన్నీ బాగున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. బండల అంచున నిలబడి, పొద్దు పొడిచే వేళ పెన్నా లోయలోకి తీసినవే. సెలవు రోజుల్లో అక్కడ ట్రైపాడ్ పెట్టను చోటు దొరకదు. కోటలోనే ఉన్న ధాన్యాగారం, జుమ్మా మసీదు, మాధవరాయ స్వామి గుడి వైపు కెమెరా తిప్పేవాళ్లు తక్కువ. సరే, ఎవరి ఇష్టం వారిది. నా ఫిర్యాదు అది కాదు. ఆ ఫొటోల్లో ఒక్కదాని కింద కూడా ఎప్పుడు తీశారో లేదు. తీసినవారి పేరు, ఊరు వేసి వదిలేశారు.

తేదీతో ఏం పని అంటారా? సంగమేశ్వరం సంగతి తీసుకోండి. మా కర్నూలు కెమెరావాళ్లకు సముద్రం లేదు. అలలు కావాలంటే చాలా దూరం పోవాలి. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరేంత దూరంలో మాకున్న తీరమల్లా శ్రీశైలం వెనుక జలాలే. ఏడు నదులు కలిసే చోటని పేరున్న సంగమేశ్వరం గుడి, డ్యామ్ కట్టాక 1980ల నుంచి ఆ నీళ్లలో ఉంటోంది. మట్టం తగ్గే కొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, ఆఖరికి వేపమొద్దు శివలింగం బయటపడతాయి. కృష్ణకు వరద రాగానే మళ్లీ మునుగుతాయి. నలభై ఏళ్లుగా ఇదే తంతు.

ఇన్నిసార్లు మునిగి తేలిన గోడలో ఏ రాయి ఎప్పుడు కదిలింది? ఒండ్రు ఏ ఏడు ఎంత మేట వేసింది? దీనికి జవాబు మా జనం ఫోన్లలో ఉంది. ఏటా ఎండాకాలంలో అక్కడికి పోయి ఫొటో దిగని కుటుంబం మా వైపు అరుదు. ఆ ఫొటోలకు తేదీ ఉంటే, ఆ రోజు జలాశయం మట్టం పక్కన రాసుకోవచ్చు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, ఈరోజు ఇంత అని మీ పత్రికే అడుగులో పదోవంతు దాకా లెక్క ఇస్తుంది. అదే పత్రిక ఇంకో పేజీలో, అదే నీళ్లలో నిలబడ్డ గుడి ఫొటో వేసి ఏ సంవత్సరమో కూడా చెప్పదు.

అదే శ్రీశైలం మునక వచ్చేటప్పుడు కూడవెల్లిలోని మరో సంగమేశ్వరాలయాన్ని విప్పి, అలంపురంలో తిరిగి కట్టారు. గుడి దక్కింది. అది వెనకటికి ఏ ఒడ్డున, ఏ చెట్ల నడుమ ఉండేదో చూడాలంటే పాత ఫొటోలే గతి. ఆ రోజుల్లో స్టూడియోవాళ్లు ఫొటో వెనక ముద్ర వేసేవారు, ఇంటివాళ్లు పెన్నుతో తేదీ రాసేవారు. ఆ అలవాటే నయం.

కడప జిల్లాలోనూ ఇదే కథ. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీళ్లు నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి వచ్చాయి. లోయ ఫొటోలకు లెక్కే లేదు. ఆ ఊరి వీధుల ఫొటోలు ఎన్ని ఉంటాయి? ఉన్నా, ఏ వీధి, ఏ నెల అన్నది రాసిపెట్టినవి ఎన్ని? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన నాటి ఫొటోలకైతే తేదీ ఒక్కటీ చాలదు, గంట కూడా కావాలి. ఏ వేళకు నీళ్లు ఏ మెట్టు ఎక్కాయో తెలిస్తేనే అవి రేపు పనికొస్తాయి.

తేదీ ఫోన్‌లోనే ఉంటుంది కదా అని మా కుర్రవాళ్లు అంటారు. ఉంటుంది, వాట్సాప్‌లో ఎక్కేదాకా. మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. ఇక కెమెరాల్లో బ్యాటరీ చచ్చి గడియారం మొదటికొస్తే, నిన్న తీసిన ఫొటో కూడా పదేళ్ల నాటిదిగా చూపిస్తుంది. కాబట్టి రాసి పంపడమే మేలు.

రెండు వందల ఏళ్ల కిందట సర్వే అధికారి మెకంజీ మనుషులు దత్త మండలాల్లో ఊరూరా తిరిగి కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించారు. వాటికి నేటికీ విలువ ఉందంటే, ఏ ఊరిది ఆ ఊరి పేరునే నమోదు కావడం వల్ల. కడప జిల్లా కైఫియత్తులను అచ్చు వేసింది కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమే. మీకు వచ్చే ఫొటోల ప్రతులు ఆ కేంద్రానికి పంపే ఏర్పాటు చేయగలరేమో ఆలోచించండి. తీసుకుంటారో లేదో అడిగితే కదా తెలిసేది. కర్నూలుకు అలాంటి చోటు ఏదన్నది ఇక్కడివాళ్లం తేల్చుకోవాలి.

ముందుగా మీ చేతిలో ఉన్నది చేయండి. ‘ఫొటోలు పంపండి’ అనే ప్రకటనలో ఒక వాక్యం చేర్చండి: తీసిన తేదీ, నిలబడిన చోటు, ఎటు తిరిగి తీశారో రాయని ఫొటోలు వేయబోమని. మొదటి రెండు వారాలు ఫొటోలు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

నేను తీసిన సంగమేశ్వరం ఫొటోలు, ఆయా రోజుల నీటిమట్టంతో సహా, ఈ లేఖతో పంపుతున్నాను. వెలుతురు బాగా కుదిరినవి కొన్నే. మిగతావి మిట్టమధ్యాహ్నం తీసినవి, అచ్చుకు అందంగా ఉండవు. తూర్పు గోడ రాళ్లు మాత్రం వాటిలోనే స్పష్టంగా లెక్కపెట్టుకోవచ్చు. వేయాల్సి వస్తే అవే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కర్నూలు