వ్యాసములకు మార్కులు: తప్పుల లెక్క చాలునా?



విద్యార్థుల వ్యాసములు దిద్దుటలో పక్షపాతమునకు తావు లేకుండుటకై తప్పునకింత యని మార్కులు తగ్గింపవలెనని మీ పాఠకులొకరు గత సంచికలో సూచించిరి. వారి ఉద్దేశము మంచిదే గాని మార్గము సరియైనది కాదని నా దృఢాభిప్రాయము.

1961లో అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసు పక్షమున పాల్ డీడరిక్, ఆయన సహచరులు, కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థుల వ్యాసములు 300 సేకరించి, ఆంగ్లాధ్యాపకులు, శాస్త్రజ్ఞులు, న్యాయవాదులు, సంపాదకులు మొదలగు 53 మందికిచ్చి, ఏ గుణము ప్రధానమో చెప్పకయే, తొమ్మిది శ్రేణులుగా విభజింపుడని కోరిరి. 101 వ్యాసములకు తొమ్మిది శ్రేణులును లభించినవి. ఐదింటికి తక్కువ శ్రేణులు పొందిన వ్యాసమొక్కటియు లేదు. ఇది పరీక్షకుల అశ్రద్ధ కాదు. వారి మార్కులను, వ్యాఖ్యలను పరిశీలింపగా కొందరు భావములకు, కొందరు భాషాదోషములకు, కొందరు విషయక్రమమునకు, కొందరు పదప్రయోగమునకు, మరికొందరు రచనయందు కానవచ్చు వ్యక్తిత్వమునకు ప్రాధాన్యమిచ్చినట్లు తేలినది.

తప్పులు మాత్రమే లెక్కించినచో ఈ భేదము తగ్గుననుట నిజమే; కాని తగ్గునది భేదమే, అన్యాయము కాదు. ఊరి చెరువును గూర్చి తొమ్మిదవ తరగతి బాలిక వ్రాసిన వ్యాసమొకటి నా యెదుట నున్నది. తూము తెరచిన దినమున ఎవరి మడికి ముందు నీరు పారవలెనను తగవుతో ఆరంభించి, దానిని తీర్చిన నీరటికాని మాటలతో ముగించినది. ఒత్తులు పోయినవి, శకార షకారములు తారుమారైనవి. తప్పులెంచినచో ఆమెకు పదింట మూడు మిగులుట కష్టము. గైడులోని వాక్యములను కంఠస్థము చేసి నిర్దోషముగా అప్పగించిన బాలునికి తొమ్మిది తప్పవు. ఇట్టి నిష్పాక్షికత ఎవరికి మేలు?

కావున స్పాట్ వాల్యుయేషను మొదటి దినమున పరీక్షకులందరును అవే కొన్ని పత్రములను వేర్వేరుగా దిద్ది, చీఫ్ ఎగ్జామినరు సమక్షమున తమ మార్కులకు కారణములు చెప్పి వాదించుకొని, ఏ గుణమునకెంత విలువయో నిర్ణయించుకొనవలెను. పిమ్మట ప్రతి వ్యాసమును ఇరువురు చూడవలెను. మార్కులు మిక్కిలి భేదించినచో మూడవవారు చూడవలెను. కాలము చాలదందురు. దినమునకొక్కొక్కరికిచ్చు కట్టను తగ్గించిననే ఇది సాధ్యము; ఆ తగ్గింపును కోరుటకు ఉపాధ్యాయ సంఘములే ముందుకు రావలెను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు